గన్ క్లబ్‌లో రాజకీయాలు: సభ్యులందరూ ఒప్పుకునే ఒక పేజీ ఎలా రాయాలి?

వాల్‌నట్_గ్రిప్ ప్రశ్న:

అమెరికాలో ఒక కౌంటీ షూటింగ్ క్లబ్ కమిటీ తరఫున అడుగుతున్నానండీ. పాత సభ్యుల్లో ఎక్కువమంది వేటకు వెళ్లేవాళ్లు, రిపబ్లికన్లకు ఓటేసేవాళ్లు. 2020 తర్వాత చేరినవాళ్లలో ఆడవాళ్లు, నల్లజాతివాళ్లు, మన భారతీయులు, డెమోక్రాట్లు బాగానే ఉన్నారు. రేంజ్‌లో పక్కపక్కన నిలబడి కాల్చేటప్పుడు ఎవరికీ ఎవరితో పేచీ లేదు. సమావేశంలో రాష్ట్ర శాసనసభ బిల్లు ప్రస్తావన వస్తే మాత్రం అరుపులతో ముగుస్తోంది. కొందరు సభ్యత్వం పునరుద్ధరించుకోకుండా వెళ్లిపోయారు.

చిక్కంతా మూడు చోట్ల ఉంది. క్లబ్‌లో చేరాలంటే ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) సభ్యత్వం తప్పనిసరి అనే పాత నిబంధన ఉంచాలా, తీసెయ్యాలా? ఎన్నికల సీజన్‌లో అభ్యర్థులు రేంజ్‌ను సభకు అడిగితే ఏమనాలి? బిల్లుల మీద క్లబ్ పేరుతో ఉత్తరం రాయాలని ఒకరు, రాయకూడదని ఇంకొకరు పట్టుబడితే ఎలా నడపాలి?

"మనందరం ఒప్పుకునేవి" అని ఒక పేజీ రాసి గోడకు పెట్టమని కమిటీ తీర్మానించింది. అందులో నిజంగా చోటు దక్కాల్సిన విషయాలేమిటి? పైకి అందరూ ఒప్పుకున్నట్టు కనిపించి, వివరాల్లోకి వెళ్లగానే తెగిపోయేవి ఏవి? చట్టాల వివరాలు తెలిసినవాళ్లు, క్లబ్బుల నిర్వహణ తెలిసినవాళ్లు చెప్పగలరు. ఎవరి పార్టీ రైటు అనే వాదన మాత్రం ఇక్కడ వద్దు, దయచేసి.

---

బెంచ్_రెస్ట్ సమాధానం:

ముందుగా మీ క్లబ్ పన్ను హోదా ఏమిటో కోశాధికారిని అడగండి. అభ్యర్థుల సభల ప్రశ్న సగం అక్కడే తేలిపోతుంది. 501(సి)(3), అంటే దాతృత్వ సంస్థ కింద అయితే ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారంలో పాలుపంచుకోకూడదు. ఈ నిషేధానికి సడలింపు లేదు. ఒక అభ్యర్థికి రేంజ్ ఇచ్చి, అవే షరతుల మీద ఎదుటివారికి ఇవ్వకపోతే అదీ జోక్యమే. చాలా షూటింగ్ క్లబ్బులు 501(సి)(7), అంటే వినోద క్లబ్ కింద ఉంటాయి. వాటికి అంత పూర్తి నిషేధం లేదు గానీ ఇంకో లెక్క ఉంది: బయటి నుంచి వచ్చే ఆదాయం మొత్తం రాబడిలో 35 శాతం దాటకూడదు, అందులో సభ్యులు కానివాళ్లు మీ సౌకర్యాలను వాడుకున్నందుకు వచ్చేది 15 శాతం దాటకూడదు. అభ్యర్థి కట్టే అద్దె ఈ 15 శాతంలోకే వెళ్తుంది. బయటివాళ్లకు పోటీలు, శిక్షణా తరగతులు పెట్టే క్లబ్బులకు ఆ గీత దగ్గర్లోనే ఉంటుంది. "రాజకీయ సభలకు రేంజ్ ఇవ్వం, ఎవరికైనా సరే" అని నిబంధనావళిలో ఒక్క వాక్యం రాసుకుంటే మళ్లీ మళ్లీ చర్చ ఉండదు.

ఎన్‌ఆర్‌ఏ సంగతి. ఆ నిబంధన మీద వోటు పెట్టే ముందు రెండు కాగితాలు తీసి చదవండి: మీ స్థలం లీజు, మీ బాధ్యతా బీమా పాలసీ. ఎన్‌ఆర్‌ఏ అనుబంధం షరతుగా ఎక్కడైనా రాసి ఉంటే, నిబంధన తీసేసిన మర్నాటి నుంచి బీమా లేకుండా రేంజ్ నడుపుతున్నట్టవుతుంది. ముందు ఇంకో బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తెచ్చుకుని, తర్వాత వోటు పెట్టాలి.

ఆ సభ్యత్వం మీద అభ్యంతరం ఎడమవైపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. 1871లో గురి శిక్షణ కోసం పుట్టిన సంస్థ అది. 1977లో సిన్సినాటి వార్షిక సమావేశంలో సభ్యులు నాయకత్వాన్ని దించేసిన తర్వాతే చట్టసభల రాజకీయం దాని ప్రధాన పని అయింది. గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా వైపు మొగ్గే సభ్యులు దాన్ని మరీ మెతక అంటారు. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ జ్యూరీ ఆ సంస్థ మాజీ అధిపతి వేన్ లాపియెర్ నిధులు దుర్వినియోగం చేశారని తేల్చాక, కుడివైపు వాళ్లలోనూ చందా కట్టడం ఇష్టం లేనివాళ్లు పెరిగారు. కాబట్టి "ఎవరి సభ్యత్వం వారి ఇష్టం" అనే సవరణకు రెండు వైపుల నుంచీ వోట్లు పడే అవకాశం ఉంది. ఆ సంస్థ శిక్షణ పాఠాలు వాడుకోవడం వేరు, చందా తప్పనిసరి చెయ్యడం వేరు అని తీర్మానంలోనే విడదీసి రాయండి. జాతీయ అనుబంధం ఒకటి కావాలనుకుంటే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ ఉంది. 1996లో కాంగ్రెస్ చట్టంతో ఇప్పటి రూపానికి వచ్చింది, గురి శిక్షణ, యువతకు భద్రత నేర్పడం దాని పని. దాని అనుబంధ క్లబ్‌లో సభ్యత్వం ఉంటే ఎం1 గారాండ్ రైఫిల్ కొనడానికి అర్హత కూడా దొరుకుతుంది, పాత సభ్యులకు అది ఇష్టమైన విషయమే.

"క్లబ్‌లో రాజకీయాలు మాట్లాడకూడదు" అని నిబంధన మాత్రం పెట్టకండి. అది ఎప్పుడూ తక్కువమంది ఉన్న పక్షం మీదే అమలవుతుంది, ఎందుకంటే ఎక్కువమంది మాట్లాడేది వాళ్లకు రాజకీయంలా అనిపించదు. మాటకు కాదు, గోడకు నిబంధన పెట్టండి. క్లబ్‌కు చెందిన గోడలు, నోటీసు బోర్డు, వెబ్ పేజీ, టార్గెట్ ఫ్రేములు, వీటి మీద పార్టీ పేరు, అభ్యర్థి పేరు, నినాదం ఉండవు. నిజమైన మనుషుల ముఖాలున్న టార్గెట్లు కాల్చకూడదు, ఎవరి ముఖమైనా. సభ్యుడి టోపీ, సభ్యుడి కారు మీద స్టిక్కర్ ఆయన సొంతం. ఈ గీత స్పష్టంగా ఉంటుంది, రేంజ్ ఆఫీసర్ వాదించకుండా అమలు చెయ్యగలడు.

బిల్లు మీద చర్చ కావాలన్నవాళ్లు వారం ముందే మూడు విషయాలు ఇవ్వాలని పెట్టండి: బిల్లు నంబరు, ఏ తేదీ నాటి పాఠమో, ఏ సెక్షన్ మారుస్తుందో. సమావేశంలో మొదటి విడత ప్రశ్నలు మాత్రమే: ఈ సెక్షన్ అమలైతే ఇంట్లో ఉన్న ఏ వస్తువు విషయంలో, ఏ తేదీలోగా, సభ్యుడు ఏం చెయ్యాలి? దీనికి జవాబు వచ్చాకే అభిప్రాయాలు, మనిషికి మూడు నిమిషాలు, ఒకరు అనుకూలం ఒకరు వ్యతిరేకం వరుసలో. చర్చ ముగించడానికి మూడింట రెండు వంతుల వోటు, అది మామూలు పార్లమెంటరీ పద్ధతే. క్లబ్ పేరుతో ఉత్తరం రాయాలంటే అంతకంటే ఎక్కువ మెజారిటీ పెట్టుకోండి. అది చేరకపోతే సంతకాలు పెట్టాలనుకున్నవాళ్లు సొంత పేర్లతో రాసుకోవచ్చు.

---

రెండో_ఫోకల్_ప్లేన్ సమాధానం:

బెంచ్_రెస్ట్ గారు చెప్పిన మొదటి విడత ప్రశ్నల పద్ధతి చాలా అవసరం. సర్వేల్లో తుపాకీ ఉన్నవాళ్లలోనూ బాగా మద్దతు కనిపించే "బ్యాక్‌గ్రౌండ్ చెక్" (కొనేవాడు అర్హుడో కాదో సరిచూడటం) విషయమే తీసుకోండి. సమావేశంలో అది ఎందుకు తెగుతుందంటే ఒకే మాటకు రెండు వైపులా వేరే అర్థాలున్నాయి.

ఇప్పుడున్న పద్ధతి ఇది. లైసెన్సు ఉన్న డీలర్ ఎక్కడ అమ్మినా, దుకాణంలోనైనా గన్ షోలోనైనా, కొనేవాడు తన వివరాలతో 4473 ఫారం నింపాలి, డీలర్ ఎఫ్‌బీఐ తనిఖీ వ్యవస్థ నిక్స్‌కు గానీ రాష్ట్ర పోలీసుకు గానీ విచారణ పంపాలి. నిక్స్ 1998 నవంబర్ 30న మొదలైంది. ఒకే రాష్ట్రంలో నివసించే ఇద్దరు మామూలు పౌరుల మధ్య అమ్మకానికి ఫెడరల్ చట్టం చెక్ అడగదు, కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి. వేరే రాష్ట్రం మనిషికి అమ్మితే డీలర్ ద్వారానే వెళ్లాలి. "గన్ షో లొసుగు" అన్న మాట విన్న పాత సభ్యుడు అక్కడ డీలర్లందరూ చెక్ చేస్తున్నారు కదా అని కోప్పడతాడు, కొత్త సభ్యుడు ఆ పక్క టేబుల్ దగ్గరి ప్రైవేటు అమ్మకం గురించి మాట్లాడుతుంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. "ప్రైవేటు అమ్మకం" అనే మాట వాడితే ఆ తగువు అక్కడికక్కడే ఆగిపోతుంది.

దాని వెనక అసలు భయం వేరు: ప్రతి అమ్మకం రికార్డయితే అది రేపు రిజిస్ట్రీ అవుతుందని. దీన్ని వట్టి అనుమానమని కొట్టిపారేస్తే చర్చ ముగిసినట్టే. వివరాలు ముందు పెట్టండి. 1986 చట్టం ఫెడరల్ రిజిస్ట్రీని నిషేధించింది. అనుమతి వచ్చిన చెక్ రికార్డును నిక్స్ 24 గంటల్లో చెరిపెయ్యాలి. మరోపక్క 4473 ఫారాలను డీలర్ ఇరవై ఏళ్లు ఉంచితే సరిపోయేది, 2022 నిబంధన దాన్ని వ్యాపారం నడిచినంతకాలం అని మార్చింది. వ్యాపారం మూసేస్తే ఆ కాగితాలు తుపాకుల ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు చేరతాయి. భయపడేవాళ్లు ఈ దారి చూసే భయపడుతున్నారు.

2013లో సెనేటర్లు మాంచిన్ (డెమోక్రాట్), టూమీ (రిపబ్లికన్) కలిసి పెట్టిన సవరణ ఈ రెండింటినీ ఒకచోట కలపడానికి చేసిన ప్రయత్నం. గన్ షోలు, ఇంటర్నెట్ ప్రకటనల ద్వారా జరిగే ప్రైవేటు అమ్మకాలకు చెక్, దాంతోపాటే రిజిస్ట్రీ తయారుచేసిన అధికారికి 15 ఏళ్ల వరకు జైలు. సెనేట్‌లో 54-46 వచ్చింది, ముందుకెళ్లడానికి కావలసిన 60 చేరలేదు. అదే ఏడాది సెనేటర్ టామ్ కోబర్న్ ఇంకో దారి చెప్పారు: కొనేవాడే తన చెక్ తాను చేసుకుని, అర్హుడినని చూపించే కాగితం అమ్మేవాడికి ఇవ్వడం. ఏ తుపాకీ అన్నది అందులో నమోదు కాదు. మీ సమావేశంలో "చెక్ కావాలా వద్దా" అని కాకుండా "తుపాకీ వివరం లేకుండా మనిషి వివరం మాత్రమే సరిచూసే పద్ధతి అయితే ఎంతమందికి సమ్మతం" అని అడిగి చూడండి. చేతులెత్తేవాళ్ల లెక్క మారుతుంది.

చట్టం మారినా మారకపోయినా క్లబ్‌లో ఇప్పుడే చెయ్యగలిగేది ఒకటుంది. సభ్యుల మధ్య అమ్మకాలు డీలర్ దగ్గరే జరగాలని సిఫారసు చెయ్యొచ్చు, రుసుము ఇద్దరూ పంచుకోవచ్చు. అది ఇష్టం లేనివాళ్లు కనీసం రాష్ట్ర గుర్తింపు కార్డు, క్యారీ పర్మిట్ (తుపాకీ వెంట ఉంచుకునే అనుమతి) చూసి, సీరియల్ నంబరుతో రసీదు రాసుకుని ఇద్దరూ ఒక్కో ప్రతి ఉంచుకోవాలి. అనర్హుడని తెలిసి గానీ, అలా అనుమానించడానికి తగిన కారణం ఉండి గానీ అమ్మితే అది ఇప్పటికే ఫెడరల్ నేరం. నోటీసు బోర్డు మీద "అమ్మకానికి" కాగితాల పైన ఈ వాక్యం పెద్దక్షరాల్లో పెట్టండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

రెడ్ ఫ్లాగ్ చట్టాల (ప్రమాదకరంగా కనిపించే మనిషి తుపాకులను కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీసుకోవడం) విషయంలో పేరు పక్కనపెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి: పిటిషన్ ఎవరు వెయ్యొచ్చు, రుజువు ఏ స్థాయిలో ఉండాలి, పూర్తి విచారణ ఎన్నాళ్లలో, తుపాకులు తిరిగి ఎలా వస్తాయి? ఫ్లోరిడాలో 2018లో రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాట్ సంతకం చేసిన చట్టంలో పోలీసులు మాత్రమే పిటిషన్ వెయ్యాలి, 14 రోజుల్లో విచారణ, స్పష్టమైన, నమ్మదగిన రుజువు కావాలి, గడువు ఏడాది వరకు. కాలిఫోర్నియాలో కుటుంబ సభ్యులు, యజమానులు, సహోద్యోగులు, ఉపాధ్యాయులు కూడా అడగొచ్చు, ఉత్తర్వు ఐదేళ్ల వరకు ఉండొచ్చు. కొలరాడోలో ఎదుటి మనిషికి ఉచితంగా లాయర్‌ను నియమించాలి. ఇండియానాలో ఇలాంటి చట్టం 2005 నుంచి ఉంది. "రెడ్ ఫ్లాగ్‌కు వ్యతిరేకం" అనే సభ్యుడికి ఫ్లోరిడా గడువు, కొలరాడో లాయర్ కలిపిన రూపం చూపిస్తే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్లకు ఉన్న కారణం కూడా గట్టిదే: మొదటి ఉత్తర్వు ఎదుటి మనిషి లేకుండానే ఇస్తారు. 2024 రహీమీ తీర్పులో సుప్రీంకోర్టు 8-1తో సమర్థించింది గృహహింస ఉత్తర్వుల విషయంలో, అదీ నోటీసు, విచారణ జరిగిన తర్వాతి నిషేధాన్ని. ఈ తేడాను దాచకండి.

2022 జూన్‌లో వచ్చిన బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్ యాక్ట్ సెనేట్‌లో 65-33తో నెగ్గింది. అది ఎలా సాధ్యమైందో చూడటం మీ పేజీ రాసేవాళ్లకు పనికొస్తుంది. 75 కోట్ల డాలర్ల సహాయాన్ని రెడ్ ఫ్లాగ్ చట్టాలకే అని కట్టెయ్యలేదు, ఆ చట్టం లేని రాష్ట్రాలు మానసిక ఆరోగ్య కోర్టులకు, మాదకద్రవ్యాల కోర్టులకు, మాజీ సైనికుల కోర్టులకు వాడుకోవచ్చన్నారు. 21 ఏళ్ల లోపువాళ్లకు కొనే వయసు పెంచలేదు, బాల్య నేర రికార్డులు చూసేందుకు చెక్ గడువును పది పనిదినాల వరకు పెంచారు. ఎవరి మూల విశ్వాసాన్నీ వదులుకోమనకుండా పని జరిగే చోటు వెతికారు.

ఇంకొక్క మాట: ఏ పక్షం ఎప్పుడు ఎటు ఉందో స్థిరమనుకోకండి. 1967లో కాలిఫోర్నియా బహిరంగంగా లోడ్ చేసిన తుపాకీ పట్టుకు తిరగడాన్ని నిషేధించినప్పుడు సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రీగన్, ఆ చట్టం గురి పెట్టింది నల్లజాతి హక్కుల సంఘం బ్లాక్ పాంథర్ల మీద. కొత్త సభ్యుల్లో నల్లజాతివాళ్లు రిజిస్ట్రీకి భయపడితే, ఆ భయం పాత వేటగాడి భయానికి దగ్గరి చుట్టమే. ఆ ఇద్దరినీ ఒక కమిటీలో కూర్చోబెట్టండి.

---

తాళం_చెవి సమాధానం:

పేజీలో మొదటి పేరా ఆత్మహత్యల నివారణ గురించి ఉండాలని నా గట్టి అభిప్రాయం. సీడీసీ లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో తుపాకీ మరణాలు 46,728. అందులో 27,300 ఆత్మహత్యలు, అంటే 58 శాతం. వాదనలన్నీ మిగతా భాగం మీద జరుగుతుంటాయి. ఈ పెద్ద భాగం విషయంలో చట్టం లేకుండానే తుపాకీ యజమానులు చెయ్యగలిగింది చాలా ఉంది, అది బయటివాళ్లు చెబితే వినరు, తోటి షూటర్ చెబితే వింటారు. 2009లో న్యూ హ్యాంప్‌షైర్‌లో ఒకే దుకాణంలో వారం లోపల తుపాకులు కొన్న ముగ్గురు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత దుకాణదారులు, ప్రజారోగ్య పరిశోధకులు కలిసి మొదలుపెట్టిన గన్ షాప్ ప్రాజెక్ట్ చాలా రాష్ట్రాలకు పాకింది. 2016 నుంచి తుపాకీ పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్, ఆత్మహత్యల నివారణ ఫౌండేషన్ కలిసి పనిచేస్తున్నాయి. ఇందులో పార్టీ లేదు.

ప్రాణం మీద విరక్తి వచ్చే ఘడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు మనిషికీ తుపాకీకీ మధ్య దూరం పెంచడమే పని. ఒక ప్రయత్నం నుంచి బయటపడ్డవాళ్లలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరని సభ్యులందరికీ చెప్పండి, ఎందుకంటే "ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారు" అనే మాటే చాలామందిని నిష్క్రియగా ఉంచుతోంది.

స్నేహితుడి తుపాకీ కొన్నాళ్లు దాచి పెట్టడంలో ఒక చిక్కుంది. ప్రైవేటు బదిలీలకు కూడా చెక్ అడిగే రాష్ట్రాల్లో, డీలర్ లేకుండా తుపాకీ చేతులు మారితే మంచి ఉద్దేశంతో చేసినా ఉల్లంఘన కావొచ్చు. వాషింగ్టన్‌లో 2014లో ప్రజల వోటుతో వచ్చిన చట్టంలో తక్షణ ప్రాణాపాయం తప్పించడానికి మినహాయింపు పెట్టారు, కానీ ఆ అపాయం ఉన్నంతసేపే. రెండు వైపుల సభ్యులూ కలిసి సంతకం పెట్టగల ఉత్తరం ఏదైనా ఉందంటే అది ఇదే: ఆపదలో ఉన్న యజమాని ఇష్టపూర్వకంగా ఇచ్చిన తుపాకీని దాచిపెట్టినవాడికి, తిరిగి ఇచ్చే దుకాణానికి చట్టపరమైన రక్షణ కోరడం. వాషింగ్టన్, యూటా, వర్జీనియాల్లో మనిషి తన పేరును తానే "అమ్మవద్దు" జాబితాలో చేర్చుకునే చట్టాలున్నాయి. అదీ స్వచ్ఛందమే, డెమోక్రాట్ల రాష్ట్రాల్లోనూ రిపబ్లికన్ల రాష్ట్రాల్లోనూ నెగ్గింది.

చట్టం మారేదాకా ఆగలేని పరిస్థితిలో ఒక ఉపాయం ఉంది. ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న ఫ్రేమ్ లేదా రిసీవర్. మిగతా భాగాల్లో చాలావరకు తుపాకీ కావు. బోల్ట్ యాక్షన్ రైఫిల్ అయితే బోల్ట్, ఏఆర్ (ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్) అయితే బోల్ట్ క్యారియర్ మొత్తం, గ్లాక్ తరహా పిస్టల్ అయితే స్లైడ్ బ్యారెల్‌తో సహా విప్పి స్నేహితుడికి ఇచ్చేస్తే తుపాకీ ఇంట్లో ఉన్నా పనికిరాదు, బదిలీ అనే ప్రశ్నే రాదు. సిగ్ పీ320లో సీరియల్ నంబరున్నది లోపలి ఫైర్ కంట్రోల్ యూనిట్ మీద కాబట్టి అక్కడా స్లైడే ఇవ్వాలి, ఆ యూనిట్ కాదు. రివాల్వర్‌కు ఇది సులువు కాదు. దాన్ని లాకర్‌లో పెట్టి తాళమే ఇచ్చెయ్యడం మేలు. మీ రాష్ట్ర చట్టం విడిభాగాల గురించి వేరుగా ఏమైనా అంటుందేమో ఒకసారి చూసుకోండి.

తాళాల గురించి. 2005 చట్టం ప్రకారం డీలర్ ప్రతి హ్యాండ్‌గన్‌తో తాళం గానీ భద్రపరిచే సాధనం గానీ ఇవ్వాలి, ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద పోలీసు స్టేషన్లు కేబుల్ లాకులు ఉచితంగా ఇస్తుంటాయి. కేబుల్‌ను చాలామంది ట్రిగ్గర్ గార్డ్‌లోంచి దూర్చి వదిలేస్తారు, అది తప్పు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి ఛాంబర్‌ను కంటితోనూ వేలితోనూ చూసి, స్లైడ్ తెరిచి ఉంచి, కేబుల్‌ను ఎజెక్షన్ పోర్టులోంచి దూర్చి మ్యాగజైన్ బావిలోంచి బయటికి తియ్యాలి. అప్పుడు స్లైడ్ మూయదు, మ్యాగజైన్ ఎక్కదు. రివాల్వర్‌కు సిలిండర్ బయటికి వాల్చి అది మూసుకోకుండా కేబుల్ వెయ్యాలి. ట్రిగ్గర్ లాక్‌ను లోడ్ చేసిన తుపాకీకి ఎప్పుడూ పెట్టకూడదు.

ఆత్మరక్షణకు వెంటనే అందాలి అనే సభ్యుడితో వాదించకండి, ఆయన అవసరం నిజమైనది. త్వరగా తెరుచుకునే చిన్న బాక్స్ సిఫారసు చెయ్యండి, దాన్ని గోడ స్టడ్‌కు గానీ మంచం ఫ్రేమ్‌కు గానీ బోల్ట్ చెయ్యమనండి. బోల్ట్ చెయ్యని బాక్స్‌ను దొంగ చంకలో పెట్టుకుపోతాడు. వేలిముద్ర తాళం తడి చేతికి, పగిలిన చర్మానికి మొరాయిస్తుంది, నంబర్ల మీట ఉన్నది నయం. బ్యాటరీ ఏడాదికోసారి తేదీ పెట్టుకుని మార్చాలి. అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు కోడ్‌గా పుట్టినరోజు పెట్టడం. ఇంట్లో పదిహేనేళ్ల పిల్లవాడికి అది పది నిమిషాల పని. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేనప్పుడు కోడ్ మార్చాలి, ఆ కోడ్ ఆ మనిషికి తెలియకూడదు. పేజీ కింద ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988 నంబరు వెయ్యండి. మాజీ సైనికులు ఆ కాల్‌లో 1 నొక్కాలి.

---

వాల్‌నట్_గ్రిప్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. లీజు, బీమా కాగితాలు ముందు చూడాలన్న ఆలోచన మాకు రాలేదు. ఇంకో రెండు అడగాలి. రేంజ్ సౌకర్యాలు, శబ్దం, సీసం వంటివి ఈ పేజీలోకి తేవచ్చా, లేక అవి వేరే విషయమా? కొత్తవాళ్ల కోసం "ఓపెన్ డే" పెట్టాలనుకుంటున్నాం, అందులో జాగ్రత్తలేమిటి?

---

మఫ్స్_ప్లగ్స్ సమాధానం:

తప్పకుండా తేవాలి. డబ్బు, శబ్దం, నేల, ఈ మూడింట్లోనూ రెండు వైపులవాళ్లూ ఇప్పటికే కలిసి ఉన్నారు.

1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం హ్యాండ్‌గన్ల మీద 10 శాతం, రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను తయారీదారులు కడతారు, అది వన్యప్రాణి సంరక్షణకు, వేట శిక్షణకు, రేంజిలకు రాష్ట్రాల ద్వారా వస్తుంది. ఏఆర్ కొన్న కుర్రాడు, ట్రాప్ షూటింగ్ చేసే పెద్దాయన, ఇద్దరూ ఒకే అడవికి డబ్బు కడుతున్నారు. పర్యావరణం గురించి పట్టించుకునే కొత్త సభ్యులకు ఇది తెలియకపోవచ్చు. మామూలుగా ఖర్చులో రాష్ట్రం 25 శాతం పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత ప్రజలకు తెరిచి ఉండే రేంజిల విషయంలో అది 10 శాతానికి తగ్గింది. వేట భద్రత తరగతులు చెప్పే స్వచ్ఛంద బోధకుల గంటలను చాలా రాష్ట్రాలు తమ వాటాగా చూపిస్తాయి, కాబట్టి మీ బోధకులు తేదీ, గంటలు, సంతకంతో రిజిస్టర్ పెట్టాలి.

తుపాకీ పేలుడు సాధారణంగా 140 నుంచి 170 డెసిబెల్స్. 140 దాటిన ఒక్క శబ్దం చెవికి శాశ్వత నష్టం చెయ్యగలదు. చెవి లోపల ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టుకోమనండి, కానీ వాటి రేటింగులు కూడవు. పెద్ద రేటింగుకు ఇంకో 5 డెసిబెల్స్ కలుస్తుందనుకోవాలి. సప్రెసర్ (గొట్టం చివర బిగించే శబ్దం తగ్గించే సాధనం) 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది, అంటే అది పెట్టినా చెవి రక్షణ తీసెయ్యకూడదు. ఆ సంఖ్య చెబితే, అది తుపాకీని నిశ్శబ్దం చేస్తుందనుకునే సభ్యుడి భయం కొంత, అది ప్రమాదమే లేదనే సభ్యుడి అతి కొంత, రెండూ సర్దుకుంటాయి. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకు సున్నా అయింది, నమోదు, వేలిముద్రలు, ఆమోదం మాత్రం అలాగే ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ సహా ఎనిమిది రాష్ట్రాల్లో పౌరులకు అనుమతి లేదు. పొరుగు ఇళ్లవాళ్ల ఫిర్యాదులున్న రేంజికి ఇది ఇరుగుపొరుగు సమస్య, దాన్ని అలాగే చర్చించండి.

సీసం విషయంలో "సీసం తూటాలు నిషేధించాలా" అని మొదలుపెడితే మళ్లీ చీలిక. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసం తూటాలను నిషేధించింది, వేటగాళ్లకు అది ఖర్చు, లభ్యత సమస్య. దాన్ని విభేదాల వైపు రాసి, రేంజి నేల సంగతి ఒప్పందం వైపు రాయండి. బర్మ్ (తూటాలను ఆపే మట్టి గట్టు) మట్టి ఆమ్లంగా ఉంటే సీసం కరిగి నీటిలోకి దిగుతుంది. పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండేలా సున్నం చల్లాలి. మట్టిని జల్లెడ పట్టి సీసం తీయించే గుత్తేదారులున్నారు, తీసినదానికి విలువ ఉంటుంది. లోపలి రేంజిలో పొడి చీపురు వాడకూడదు, తడిగా తుడవాలి లేదా హెపా వాక్యూమ్ వాడాలి. కాల్చాక చల్లని నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. చిన్నపిల్లలున్న సభ్యులు ఇంటికెళ్లాక బూట్లు గుమ్మం బయటే విడవాలి.

కమిటీ ఆలోచనతో ఒక్కచోట విభేదిస్తాను. పేజీలో ఒప్పుకునేవి మాత్రమే రాస్తే, ఒప్పుకోనివాళ్లు తమను మాయం చేశారనుకుంటారు. కింద ఇంకో పేరా రాయండి: "సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల మీద, మ్యాగజైన్ పరిమితి మీద, ఒక రాష్ట్రం క్యారీ పర్మిట్‌ను ఇంకో రాష్ట్రం గుర్తించడం మీద మాలో అభిప్రాయభేదాలున్నాయి. క్లబ్‌కు వీటి మీద వైఖరి లేదు." "అసాల్ట్ వెపన్" అనే మాట అక్కడ వాడకండి. 1994 ఫెడరల్ చట్టంలో దాని అర్థం విడదీసే మ్యాగజైన్‌తో పాటు రెండు ప్రత్యేక లక్షణాలుంటే అని, న్యూయార్క్‌లో ఇప్పుడు ఒక్కటి చాలు. మాట ఒకటే, వస్తువులు వేరు.

---

బెంచ్_రెస్ట్ సమాధానం:

ఓపెన్ డే గురించి. లిబరల్ గన్ క్లబ్, 2000 నుంచి ఉన్న ఎల్‌జీబీటీ షూటర్ల సంఘం పింక్ పిస్టల్స్, 2015లో మొదలైన నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ గన్ అసోసియేషన్, వీటి దగ్గరి శాఖలకూ, మీ ఊరి వేట సంఘానికీ ఒకే ఆహ్వానపత్రం, ఒకే రోజున పంపండి. ఒక్కో వర్గానికి ఒక్కో రోజు పెడితే ఎవరూ ఎవరినీ కలవరు.

కొత్తవాడికి .22 రిమ్‌ఫైర్‌తోనే మొదలుపెట్టాలి. మొదటిసారి మ్యాగజైన్‌లో ఒక్క రౌండే, అది బాగా వచ్చాక రెండు, ఆ తర్వాతే ఐదు. ఒక్కో షూటర్ పక్కన ఒక్క బోధకుడు, చేతికి అందే దూరంలో. పెద్ద క్యాలిబర్ పిస్టల్ నిండా లోడ్ చేసి ఇవ్వడం వల్ల జరిగే ప్రమాదం ఎప్పుడూ ఒకటే: వెనక్కి తన్నిన తుపాకీని గట్టిగా పట్టుకోబోతూ రెండో రౌండ్ అనుకోకుండా కాల్చేస్తారు, అప్పటికి గొట్టం ఎటు చూస్తోందో చెప్పలేం. "సీజ్ ఫైర్" అని ఎవరైనా అరవొచ్చు, అరిచినవాళ్లను కారణం అడగడం తర్వాత సంగతి. బోధకుడి నోట రాజకీయం రాకూడదు, విద్యార్థి అడిగినా సరే.

మన తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చే చోట ఇది తప్పక చూడాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతిలో ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది నిమిషాలు కాల్చినా అది ఉంచుకోవడమే. ముఖ్యమైన మినహాయింపు, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. ఇది ఆహ్వానపత్రంలోనే రాయండి, నమోదు ఫారంలో ఆ ప్రశ్న పెట్టండి, వేట లైసెన్సు ఉందన్నవాళ్ల కార్డు మీద గడువు తేదీ నమోదు టేబుల్ దగ్గరే చూడండి. లైసెన్సు లేని అతిథి వచ్చి కూర్చుని, భద్రత పాఠం విని, టార్గెట్లు చూడొచ్చు. తుపాకీ, తూటాలు మాత్రం చేతికివ్వకండి.